జడ్జిగారి పచ్చిక

“ముద్దాయి ఎవరో తేల్చు. తేల్చలేకపోతే ఈ గేటూ మరచిపో, మా అమ్మాయినీ మరచిపో!” అన్నారు రిటైర్డ్ జడ్జిగారు, చేతికర్రతో పచ్చికను చూపిస్తూ.

పురుగుల శాస్త్రవేత్త వంగి చూశాడు. జడ్జిగారు కంటికి రెప్పలా పెంచుకున్న పచ్చిక నిండా పళ్ళేలంత ఎండుమచ్చలు. తోటమాలి ఎప్పుడో చేతులెత్తేశాడు. “పురుగులు పట్టుకునేవాడు నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు” అని మొన్నటిదాకా భీష్మించుకున్న మనిషే, గత్యంతరం లేక ఇవాళ కబురంపారు. మెట్ల మీద ఆయన కూతురు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది.

అతను బకెట్‌లో సబ్బునీళ్ళు కలిపి ఒక మచ్చ అంచున కుమ్మరించాడు.

“ఏమిటిది? నా పచ్చికకు తలంటా?”

“రెండు నిమిషాలు ఆగండి సార్.”

జడ్జిగారు వాచీ విప్పి చేత్తో పట్టుకున్నారు. ఒక నిమిషం అయింది. గడ్డి కదల్లేదు. రెండో నిమిషమూ గడిచింది. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“తీర్పు చెప్పెయ్యమంటావా?”

“ఇంకొక్క అర నిమిషం సార్!”

ఒక గడ్డిపోచ వణికింది. దాని మొదట్లోంచి బూడిదరంగు గొంగళిపురుగు మెలికలు తిరుగుతూ పైకొచ్చింది. వెనకాలే ఇంకొకటి. ఆ తర్వాత పది, ఇరవై. జడ్జిగారు కర్ర వదిలేసి రెండడుగులు వెనక్కి వేశారు.

“పగలంతా గడ్డి మొదళ్ళలో నక్కి, చీకటిపడ్డాక మేస్తాయండీ. పెద్దయ్యాక రెక్కలొస్తే ఇక గడ్డి ముట్టవు. ఈ ఘనకార్యమంతా పిల్లలదే.”

“అయితే మందు కొట్టి చంపెయ్!”

“వానపాములు కూడా చస్తాయి సార్. ఏరేద్దాం.”

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఏరారు. సీసా నిండేసరికి జడ్జిగారి ప్యాంటు మట్టికొట్టుకుపోయింది కానీ ముఖం వెలిగిపోయింది.

“పనిమంతుడివేనోయ్! రేపూ రా, ఎల్లుండీ రా. మిగతా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. అమ్మాయ్, ఇతనికి కాఫీ ఇవ్వు!” అంటూ చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళారు.

ఆమె కప్పు తెచ్చింది. అతను సీసాను వెలుతురుకెత్తి చూస్తూ గొంతు తగ్గించాడు.

“ఒక్కటే అంతుపట్టడం లేదు. ఇవి కొండగడ్డిలో తప్ప ఎక్కడా కనబడవు. అంత దూరం నుంచి మీ ఇంటికెలా వచ్చాయి?”

“బస్సులో,” అంది ఆమె చక్కెర కలుపుతూ. “నా హ్యాండ్‌బ్యాగులో.”