ఇవ్వని పేర్లు

"వచ్చే గురువారం నుంచి ఈ ఆరోగ్య కేంద్రం ఉండదు."

గోడకు అతికించిన నోటీసును ఫెబి తెలుగులో చదివి వినిపించింది. బెంచీల మీది కార్మికులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఉండకపోవుడేంది మేడం? మరి నా గోలీలు?" అన్నాడు భూమేష్.

భూమేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఈ గల్ఫ్ దేశానికి వచ్చి లుసైల్‌లో రోడ్డు పని చేస్తాడు. రెండు వేసవులు ఆ ఎండకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. కంపెనీకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఉంచుకోదు. అందుకే నెలనెలా శుక్రవారం బస్సెక్కి అల్ సద్ వచ్చి, ఇక్కడ పరీక్ష చేయించుకొని మందులు తీసుకుపోతాడు.

ఐరోపాలోని ఒక దేశం నేపాల్‌కు ఇచ్చే సాయంతో ఆ కేంద్రం నడుస్తోంది. నేపాలీల కోసమే పెట్టినా డాక్టర్ గురుంగ్ ఎవరినీ వెనక్కి పంపడు. తెలుగువాళ్ళ బాధ తనకు అర్థం కావాలని రాజోలు నుంచి వచ్చిన ఫెబిని పనిలో పెట్టుకున్నాడు.

ఆ దేశం ఇప్పుడు సాయం తగ్గించుకుంది. ఆ మాట చెప్పడానికి నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపింది.

ఇక్కడ జరిగే ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఇంకా ఏడాదిన్నర. సైట్లలో తొందర పెరిగింది. ఎండలు ముదురుతున్నాయి.

అప్పుడే తలుపు తోసుకొని ఒక తెల్లాయన లోపలికి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చెమటకు చొక్కా వీపుకంటుకుపోయింది.

"ఎక్కడి నుంచి వచ్చారు?" ఇంగ్లీషులో అడిగింది ఫెబి.

చెప్పాడు. సాయం ఆపేసిన దేశమే.

"కిడ్నీ జబ్బుకి మందులు వాడుతున్నవాళ్ళ పేర్లు కావాలమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"మూసేలోగా వాళ్ళకేదైనా దారి చూద్దామని. ఎక్కడన్నది ఇప్పుడే బయటపెట్టలేను."

"మీ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తరం ఉందా?"

"లేదు. నేనిప్పుడు ఎవరి తరఫునా రాలేదు."

గదిలోంచి డాక్టర్ గురుంగ్ బయటికొచ్చాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఫెబి ఎప్పుడూ వినలేదు.

"ఐదేళ్ళు మమ్మల్ని భాగస్వాములన్నారు. మూసేసే ముందు ఒక్క ఫోనైనా చేశారా? ఇప్పుడు పేర్లు కూడా కావాలా? ఏ కంపెనీకి ఇస్తారు?"

"మీ కోపంలో తప్పు లేదు డాక్టర్," అన్నాడు ఆ మనిషి మెల్లగా.

'నేమ్స్', 'కంపెనీ' అన్న మాటలు చెవిన పడి భూమేష్ కౌంటర్ మీదికి వంగాడు.

"మేడం, నా పేరు ఇయ్యకుండ్రి. కంపెనీకి తెలిసిందంటే ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపుతరు. ఇంటికాడ నా పెండ్లాం ఎల్లవ్వకు సుత చెప్పలే నాకు బీమారని."

"ఇవ్వనులే అన్నా. భయపడకు."

తెల్లాయన ఒక చీటీ మీద తన నంబరు రాసి ఫెబి ముందు పెట్టాడు.

"బుధవారం దాకా ఎదురు చూస్తాను."

ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. డాక్టర్ గది తలుపు తీయలేదు.

ఆ సాయంత్రం ఫెబి ఒక్కతే కేంద్రంలో ఉండిపోయింది. ఫైలు తీసి చూసింది. ఇరవై ఆరు పేర్లు. ఇస్తే ఒక భయం. ఇవ్వకపోతే ఇంకో భయం.

"ఇద్దామా సార్?" అని ఒకసారి డాక్టర్‌ని అడిగింది.

"వాళ్ళ మాట ఇంకా నమ్ముతున్నావా?" అన్నాడాయన. అంతే.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఒక్క పేరైనా చెప్పమ్మా. ఒక్కరికైనా మేలు జరగనీ."

"క్షమించండి సార్. చెప్పలేను."

"సరే అమ్మా. ఉంటాను," అని పెట్టేశాడు.

ఫెబి ఫైలు మూసి తన సంచిలో పెట్టుకుంది. సరిగ్గానే చేశానని తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది.

గురువారం కేంద్రానికి తాళం పడింది.

మూడు వారాలకు భూమేష్ సైట్లో పడిపోయాడు. కంపెనీ క్లినిక్‌లో రక్తం పరీక్ష చేశారు. సంగతి బయటపడింది. నాలుగో రోజు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు.

"పోతున్న మేడం. ఎల్లవ్వకు ఏమని చెప్పాలె?"

ఫోన్ పెట్టేశాక ఫెబి సంచిలోంచి ఆ ఫైలు తీసింది.

మిగతావాళ్ళకు ఆ గతి పట్టకూడదనుకుంది. మర్నాడే ఫైలు చంకలో పెట్టుకొని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది. కిడ్నీ విభాగంలో ఉన్న నర్సు తెలుగామె. పేరు దయమ్మ, ఊరు గుడివాడ.

దయమ్మ కాగితం చూసి గతుక్కుమంది.

"అల్ సద్ కేంద్రం వాళ్ళేనా? ఇంత ఆలస్యంగానా తెచ్చేది?"

"ఆలస్యమేంటక్కా?"

"మీవాళ్ళ కోసం ముప్పై మందికి చోటు ఉంచారమ్మా మా డాక్టరుగారు. కంపెనీలకి చెప్పకుండా చూస్తానని మాట కూడా ఇచ్చారు. ఆ తెల్లాయన ఎన్నిసార్లు బతిమాలుకున్నాడో! పేర్లు ఇవాళ తెస్తాను, రేపు తెస్తానంటూ రోజూ వచ్చి ఈ వరండాలో కూర్చునేవాడు. గురువారం వట్టి చేతులతో వచ్చి, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."

"ఆ చోట్లు..."

"వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు రాయించుకుంటే పిలుపు రావడానికి ఐదు నెలలు."

అయినా రాయమన్నట్టు ఫెబి కాగితాన్ని ఆమె వైపు జరిపింది.

"మేము... పేర్లు కంపెనీలకి ఇవ్వడానికి వచ్చాడనుకున్నాం అక్కా. ఎవరాయన?"

"వాళ్ళ దేశంలో ఈ సాయాలన్నీ చూసే ఆఫీసులో పెద్దాయనంట," అంది దయమ్మ. "మీ కేంద్రం మూసేయమని సంతకం పెట్టమంటే, పెట్టనని ఉద్యోగం వదులుకొని వచ్చాడమ్మా."