చెడ్డతల్లి మొక్క

"నీ చేతిలో పెట్టింది ఇంటి తాళంచెవి కాదే, మా అమ్మని!"

ఆరాసెలి అరుపుకి ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి వాకిలి చుట్టూ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆగస్టు సెలవులు సముద్రం ఒడ్డున గడిపి ఇప్పుడే వచ్చింది. పెట్టె ఇంకా గుమ్మం దాటలేదు. ఎదురుగా పొరుగింటి మిలాగ్రోస్, చేతిలో కుండీ, కుండీలో కుళ్లి వేలాడుతున్న స్పైడర్ మొక్క.

వాళ్ల ఊరు కోర్దొబాలో దాన్ని చెడ్డతల్లి అంటారు, పిల్లమొక్కల్ని కుండీ బయటికి గెంటేస్తుందని. ఆరాసెలికి మాత్రం అది చనిపోయిన అమ్మ పెంచిన మొక్క. ఆ సంగతి తెలియనివాళ్లు ఆ వాకిట్లో ఎవరూ లేరు.

"నడివేసవి ఎండలు మండిపోతున్నాయని పొద్దునా సాయంత్రం నీళ్లు పోశానే," అంది మిలాగ్రోస్. "కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలిచిపోయి వేళ్లు కుళ్లాయి. పాపం దాహమేస్తుందేమో అనుకున్నాను."

"దాహమా! దాని వేళ్లలోనే నీళ్లు దాచుకుంటుందది. కంటికి రెప్పలా చూసుకున్నాను ఇన్నేళ్లూ. అమ్మని రెండోసారి చంపావు కదే!"

మిలాగ్రోస్ సిగ్గుతో కుంచించుకుపోయింది. పై కిటికీలోంచి ఎవరో "ఈసారి నాకివ్వండమ్మా తాళంచెవి" అన్నారు. ఎవరో నవ్వారు. మిలాగ్రోస్‌కి తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది. ఆరాసెలి ఇక జన్మలో తనతో మాట్లాడదు, అంతే.

"ఒక్క మాట విను. ఇనెస్‌కి ఫోన్ చేశాను."

"మా చెల్లెలికా? ఎందుకు?"

"పోయిన ఈస్టర్‌కి దీని పిల్లనే కదా ఇనెస్‌కి ఇచ్చావు? ఇప్పుడు దానికి బోలెడు పిల్లలట. తను తెస్తోంది, ఒకటి కోసి ఇందులో నాటుదాం. పిల్లయినా తల్లయినా ఒకటే మొక్క కదా! మీ అమ్మ ఎక్కడికీ పోలేదే."

ఆరాసెలి మొహంలో రంగు మారింది.

"రావద్దని చెప్పు. పోయిందేదో పోయింది, వదిలెయ్."

"అదేంటే, ఇప్పటిదాకా అంత గోల చేసి..."

మాట పూర్తికాకుండానే ఇనెస్ లోపలికి వచ్చింది. పెద్ద కుండీని రెండు చేతులా గుండెకి హత్తుకుని ఉంది. చుట్టూ పిల్లమొక్కలు మోకాళ్లదాకా వేలాడుతున్నాయి.

"బాధపడకక్కా! ఎన్ని కావాలంటే అన్ని కోసుకో. రోజూ పొద్దున్నే దీని పక్కన కూర్చుని కాఫీ తాగుతాను తెలుసా? అమ్మకి చెప్పుకోవాల్సినవన్నీ దీనికే చెప్పుకుంటాను."

మిలాగ్రోస్ పరుగున వెళ్లి కత్తెర తెచ్చింది. "నీ చేత్తోనే కొయ్యి ఆరాసెలీ. అప్పుడైనా నన్ను క్షమించు," అని కళ్లు తుడుచుకుంది.

ఆరాసెలి కత్తెర అందుకోలేదు. పెట్టె మీద కూలబడింది. కిటికీలన్నీ తననే చూస్తున్నాయని తెలుసు. చెల్లెలి మొహంలోకి చూడలేక నేలకేసి చూస్తూ గొణిగింది.

"మిలాగ్రోస్ చంపింది నేను సంతలో కొన్న మొక్కనే, ఇనెస్. నీ దగ్గరున్నది దాని పిల్ల. అమ్మ మొక్కకి నీళ్లు పొయ్యకుండా, అమ్మ చనిపోయిన నెలలోనే నేను ఎండగట్టేశాను."