మా ఆయన ఒప్పుకున్న కేసు

మా ఆయన నల్లకోటు నా ఒళ్ళో ఉంది. పొద్దున నేను పెట్టిన ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు.

బార్ కౌన్సిల్ ఆఫీసులో విచారణకు పిలిపించిన లాయరు కోటు వేసుకోకూడదట. గుమ్మం దగ్గర అటెండరు చెబితే విప్పి నాకిచ్చారు.

తెల్లచొక్కాలో ఆయన బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా ఉన్నారు. నవ్వొచ్చింది. నవ్వే చోటు కాదని పెదవి కొరుక్కున్నాను.

కోటు జేబులో పిప్పరమెంటు దొరికింది. మొగుడి జేబులు వెతికే హక్కు నాకొచ్చి ఇంకా నెల కూడా కాలేదు. అడక్కుండానే నోట్లో వేసుకున్నాను.

"నమలకు, చప్పుడొస్తుంది. చప్పరించు" అన్నారు గుసగుసగా.

"భయంగా ఉందా లాయరుగారూ?"

"ఇంకొకరి కేసయితే ఉండేది కాదు."

ఆయన గురించి రోజుకో సంగతి తెలుస్తోంది నాకు. పళ్ళు తోముకుంటూ కూనిరాగం తీస్తారు. పేపరు చివరి పేజీ నుంచి వెనక్కి చదువుతారు. కూరలో ఉప్పెక్కువైతే ఏమీ అనరు, నీళ్ళు తాగుతారంతే.

మనిషిని కొడతారా? అదొక్కటే ఇంకా తెలియదు.

పెళ్ళికి ముందు, తన గేటుకు అడ్డంగా కారు పెట్టారని ఎదురింటి సంగీతం మాస్టారి చెంప ఈయన పగలగొట్టారని కేసు. వాయిదా సరిగ్గా మేం పెళ్ళిబట్టలు కొనే రోజునే పడింది. ఆయన జడ్జి ముందు నిలబడి "కొట్టాను" అని ఒప్పేసుకుని, జరిమానా కట్టేసి, షాపుకి వచ్చేశారు.

"నిజంగా కొట్టారా?" అని ఆ రోజే అడిగాను.

"ఛ, ముట్టుకోను కూడా లేదు. వాదించుకుంటూ కూర్చుంటే మన పెళ్ళి కూడా వాయిదా పడేది."

నా కోసం ఒకరు నేరం ఒప్పుకున్నారు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

చిన్న చిన్న కేసులవాళ్ళకు ఆయన రోజూ చెప్పే సలహా అదే. ఒప్పేసుకోండి, జరిమానా కట్టండి, ఇంటికెళ్ళి భోంచెయ్యండి. అందరికీ చెప్పీ చెప్పీ, తానూ లాయరేనన్న సంగతి మర్చిపోయారు. శిక్ష పడింది ఏ దర్జీకో అయితే కథ అక్కడితో సరి. లాయరుకు పడితే సంగతి, లాయర్ల లైసెన్సులు చూసే ఈ బార్ కౌన్సిల్ దాకా వస్తుంది.

"నీ సలహా విన్నవాళ్ళంతా బాగుపడ్డారు, నువ్వు తప్ప" అన్నారు సీనియర్‌గారు. మా ఆయన పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఇవాళ మా తరఫున మాట్లాడేదీ ఆయనే.

లోపలికి పిలిచారు. ఇంటివాళ్ళు వెనక బెంచీ మీద కూర్చోవచ్చన్నారు.

ఎదురుగా విచారణ జరిపేవాళ్ళు ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ కళ్ళజోడు ముక్కు చివరకు జారి, అచ్చం మా పిన్నిలా ఉంది. అంటే ఇక ఏదీ దాగదన్నమాట.

"అమ్మా, మావాడు అసలు చెయ్యే చేసుకోలేదు. పెళ్ళి హడావుడిలో ఒప్పేసుకున్నాడు" అన్నారు సీనియర్‌గారు. "అదిగో, ఆ వెనక కూర్చున్నదే పెళ్ళికూతురు."

ముగ్గురూ నా వైపు చూశారు. పిప్పరమెంటు బుగ్గలోకి నెట్టాను.

ఆవిడ ముఖం కాస్త మెత్తబడింది. మరుక్షణమే బిగుసుకుంది.

"అంటే, చెయ్యని పని చేశానని జడ్జికి చెప్పాడా?"

ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"కొట్టి ఉంటే అది వీధిలో చేసిన తప్పు. కొన్నాళ్ళు కోర్టుకు రావద్దంటాం. జడ్జి ముందు అబద్ధమాడి ఉంటే అది వృత్తిలో చేసిన తప్పు. లైసెన్సే పోతుంది. ఏది జరిగిందో అబ్బాయినే చెప్పమనండి."

నేను ముందుకు వంగాను. ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు. చొక్కా తడిసి అతుక్కుపోయింది.

"కొట్టానండి."

"ఎందుకూ?"

"కారు తియ్యమంటే, ఈ పాట అయ్యాక తీస్తానన్నారు."

పక్కనున్న పెద్దమనిషి నవ్వు ఆపుకున్నాడు. ఆవిడకు ఆపుకోవాల్సిన అవసరం రాలేదు.

"మాస్టారికి ఇప్పటికీ ఒక చెవిలో హోరుమంటోందట. శ్రుతి తెలియడం లేదట."

"అది ముందునుంచే ఉందేమోనమ్మా" అన్నారు సీనియర్‌గారు.

మా ఆయన తల వంచుకున్నారు.

ఆరు నెలలు కోర్టు మెట్లెక్కకూడదన్నారు. మాస్టారి ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పి రావాలన్నారు.

బయటికి రాగానే సీనియర్‌గారు మా ఆయన భుజం తట్టారు.

"భలేవాడివిరా. క్షణంలో లెక్కేసుకున్నావు. లైసెన్సు దక్కింది."

సీనియర్‌గారు కారెక్కి వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

షాపులో నాకు చెప్పింది ఒకటి. లోపల ఆవిడకు చెప్పింది ఇంకొకటి. అబద్ధం ఎవరికి చెప్పినట్టు?

మా ఆయన పక్కనే నడుస్తున్నారు. కూనిరాగం లేదు.

రోడ్డు మీద బస్సులు తెరిపి లేకుండా పోతున్నాయి. కాస్త సందు దొరికింది. దాటిద్దామని నా వైపు చెయ్యి చాచారు.

"ఏ చేత్తో కొట్టారు?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, రెండోది చాచారు.