కునుకు వేళ

"లేవండి వెర్నా!" కూతురి వయసున్న కొలీన్ టీచరు భుజం తట్టింది.

పిల్లల్ని నిద్రపుచ్చుతూ నిద్రపుచ్చుతూ వెర్నాయే చాప మీద ఒరిగిపోయింది. తెల్లారకముందే స్కూలు బస్సు తోలాలి. మధ్యాహ్నం ఈ చిన్నపిల్లల తరగతిలో టీచరుగా శిక్షణ. సాయంత్రం కమ్యూనిటీ కాలేజీలో టీచరు చదువు. నలభై ఏడేళ్ళ ఒళ్ళు ఎంతకని ఓర్చుకుంటుంది?

"నేను మానేస్తున్నానని కాలేజీకి చెప్పేయండమ్మా. నావల్ల కాదు. నాకు బస్సే నయం," అంది కళ్ళు నులుముకుంటూ.

"ష్!" పక్క చాప మీది అయిదేళ్ళ టెస్సా కొలీన్‌ని కసిరింది. రోజూ వెర్నా బస్సులోనే వచ్చే పిల్ల. "పడుకున్నవాళ్ళని లేపకూడదని మీరేగా చెప్పారు? టీచరు ఇప్పుడే పడుకుంది."

"ఏ టీచరే?" వెర్నా చుట్టూ చూసింది.

టెస్సా తన దుప్పటి లాగి వెర్నాకు కప్పి, వీపు తడుతూ జోకొట్టసాగింది.