కంబళిలో మంచుముక్క

"కంబళి కప్పితే మంచుముక్కకి ఉక్కపోస్తుంది తాతయ్యా! గబుక్కున కరిగిపోతుంది."

ముందు బెంచీ అమ్మాయి మాటకి నాలుగో తరగతంతా గొల్లున నవ్వింది.

ముసలాయన మాత్రం నవ్వలేదు.

"అలాగా? అయితే అనుకున్నది అనుకున్నట్టు రాసిపెట్టు. అందరూ రాయండి. తర్వాత చూద్దాం."

ఆయన వీధి చివరి ఇంట్లోకి కొత్తగా వచ్చాడు. శుక్రవారాలు పిల్లలతో ప్రయోగాలు చేయిస్తానని తనంతట తానే బడికి వచ్చి అడిగాడు. ఏం చదువుకున్నారని హెడ్మాస్టరు అడిగితే, "ఏదో కొంత" అన్నాడు.

రెండు గిన్నెలు. ఒకేపాటి మంచుముక్కలు రెండు. ఒక గిన్నెని కంబళిలో చుట్టారు. రెండోదాన్ని బల్లమీద అలాగే వదిలేశారు.

"జవాబు చెప్పేస్తే ఐదు నిమిషాల పని. దీనికి గంటా!" వెనక కూర్చుని పుస్తకాలు దిద్దుకుంటున్న టీచరమ్మ గొణుక్కుంది.

గంట తిరిగేసరికి బల్లమీది గిన్నెలో నీళ్లే మిగిలాయి. కంబళి విప్పితే ముక్క ఇంకా ఉంది.

అమ్మాయి మొహం చిన్నబోయింది. రబ్బరు తీసి తను రాసింది చెరపబోయింది.

"చెరపకు తల్లీ. చూసింది కింద రాయి."

"తప్పు కదా తాతయ్యా!"

"తప్పని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మనమే చూశాంగా."

"మరింకేం! ఇందాక తెలియనిది ఇప్పుడు తెలిసింది. సిగ్గెందుకు?"

"గిన్నెలు మార్చి ఇంకోసారి చూద్దామా?" వెనక బెంచీలోంచి ఓ పిల్ల అడిగింది.

ముసలాయన మొహం మతాబులా వెలిగింది.

నెల తిరక్కుండానే ఓ తండ్రి నోటుపుస్తకం పట్టుకుని బడికొచ్చాడు.

"నిండా తప్పులే. ఒక్కటీ దిద్దలేదు. ఇదేం చదువండీ?"

హెడ్మాస్టరు టీచరమ్మని పిలిచాడు.

"ఆ శుక్రవారం తాతగారికి అసలు సైన్సు వచ్చా అమ్మా?"

"నాకైతే అనుమానమే సార్. ఏదడిగినా 'ఏమో, చూద్దాం' అంటారు."

ఆ శుక్రవారం గేటు దగ్గర ఆమే ఆయనకి ఎదురెళ్లింది.

"పరీక్షలు దగ్గరపడ్డాయండీ. ఇక మీకు శ్రమ వద్దు."

ఆయన కాసేపు తరగతి కిటికీ వైపు చూశాడు.

"అలాగేనమ్మా. చీమలు వరసలో ఎందుకు నడుస్తాయన్న ప్రశ్న సగంలో ఉంది. వాళ్లనే తేల్చుకోనివ్వండి."

సోమవారం టీచరమ్మ ఆ జవాబు చెప్పేసింది. ఐదు నిమిషాలే పట్టింది.

కానీ ఆ తర్వాత ఏ ప్రశ్న వేసినా తరగతిలో చెయ్యి లేవలేదు.

"మీకేమనిపిస్తోందో రాయండర్రా" అంది ఒకరోజు.

పిల్లలు పెన్సిళ్లు పట్టుకుని ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నారు.

"ముందు మీరు చెప్పండి టీచర్. అది రాసుకుంటాం" అంది ముందు బెంచీ అమ్మాయి.

ఆ మాట ఆమెకి ఎక్కడో కలుక్కుమంది.

సాయంత్రం బడి వదలగానే వీధి చివరికి నడిచింది. తలుపు తీసే ఉంది. లోపల ఒకావిడ పుస్తకాలు పెట్టెల్లో సర్దుతోంది.

"నాన్నగారు మా ఊళ్లో పోయి పదిరోజులైందండీ."

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మళ్లీ బడికి రమ్మని అడుగుదామని వచ్చాను... ఆయన మాస్టారుగా పనిచేసేవారా?"

"కాదండీ, మందుల పరిశోధన. పసిపిల్లల జ్వరానికి ఆయన కనిపెట్టిన మందుకి, అది ఇంకా బజారుకి రాకముందే, పెద్ద బహుమతే ప్రకటించారు."

"అంత గొప్పవారా! మాతో ఒక్క మాటైనా అనలేదే."

"ఆ బహుమతి తీసుకోలేదు లెండి."

"అయ్యో, ఎందుకని?"

కూతురు చేతిలోని పుస్తకం కింద పెట్టింది.

"బహుమతి ఇచ్చే సభకి వారం ముందు తనే మళ్లీ పరీక్షలు చేసి, ఆ మందు పిల్లల గుండెకి చేటని తేలితే, ఆ సభలో అంతమంది ముందు లేచి 'పొరబడ్డాను' అని చెప్పి, అది ఒక్క పసిబిడ్డ నోట్లోనూ పడకుండా ఆపించారండీ."