క్యాంపస్ చూపించినామె

బస్సు యూనివర్సిటీ గేటు ముందు ఆగింది.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన నలభై మంది ఇంటర్ అమ్మాయిలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"అబ్బ, ఎంత పెద్దగున్నదో!" అంది సుసన్న.

క్యాంపస్ చూపిస్తానని మాటిచ్చిన ఆఫీసాయన మాత్రం రాలేదు. లెక్చరర్ మహేశ్వరి నాలుగోసారి ఫోన్ చేస్తే ఎత్తాడు.

"మీటింగులో ఉన్నా మేడం, ఇంకోరోజు రండి."

అమ్మాయిల ముఖాలు వాడిపోయాయి.

సుసన్న తండ్రి సాల్మన్ రాజు వాచీ చూసుకున్నాడు. ఊరి చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఆయన ఒక వెంచర్‌లో ప్లాట్లు చూపిస్తాడు. పరీక్షలు కాగానే కూతుర్ని ఆ ఆఫీసులోనే రిసెప్షన్‌లో పెడతానని మాటిచ్చేశాడు. కూతురి పోరు పడలేక బస్సెక్కాడంతే.

"సూసినం గదా, ఇగ పోదాం పాండ్రి."

అప్పుడే ఒకామె దగ్గరికి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. గంజిపెట్టిన చీర, కొప్పులో చామంతులు.

"యాడికెళ్ళి వచ్చిన్రు బిడ్డా?"

"ఇబ్రహీంపట్నం!" నలభై గొంతులు పలికాయి.

"గంత దూరం వచ్చి గేటు సూసి పోతరా? నడువుండ్రి, నేను సూపిస్త."

"మీరు మేడం...?" అంది మహేశ్వరి.

"అనంతమ్మ అంటరు. హాస్టల్ దిక్కుంట," అంటూనే ఆమె ముందు నడిచింది.

"పెద్ద ప్రొఫెసరే ఉంటది. అయినా మన లెక్కనే మాట్లాడుతున్నది సూడు," అన్నాడు సాల్మన్ రాజు, చొక్కా సర్దుకుంటూ.

ఆమెను ఎవరూ ఆపలేదు. అటెండర్లు నవ్వుతూ తలుపులు తీశారు.

లైబ్రరీలో పుస్తకాలు కప్పు దాకా ఉన్నాయి. అమ్మాయిలు గుసగుసలు కూడా మరిచిపోయారు.

ల్యాబులో ఒక స్టూడెంట్ సుసన్నను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. సుసన్న వంగింది. మళ్ళీ లేవలేదు.

"ఉల్లిపొర గిట్లుంటదా? గోడ కట్టినట్టున్నది!"

"జర జరుగు బిడ్డా, నన్ను గూడ సూడనియ్యి," అంది అనంతమ్మ.

చెట్టు కింద కూర్చోగానే ప్రశ్నలు మొదలయ్యాయి.

"మేము తెలుగు మీడియం మేడం. క్లాసు సమజైతదా?"

"మొదటి నెల ఏం సమజ్ గాదు. హాస్టల్‌ల సగం మంది ఏడుస్తరు. దసరా దాటినంక గా పిల్లలే ఇంగ్లీషుల కొట్లాడుతరు. ఫికర్ జేయకుండ్రి."

అందరూ నవ్వారు.

"ఇంటర్ కాంగనే చేరే ఐదేండ్ల ఎమ్మెస్సీ ఉన్నది. ఎంట్రెన్స్ రాయాలె. ఫారాలు మార్చిల ఇస్తరు. పాత పేపర్లు సీనియర్లను అడుగుండ్రి, ఎవరూ కాదనరు. సర్టిఫికెట్లు ఇప్పటి సంది తీసి పెట్టుకోండ్రి. సీటొచ్చిన దినమే హాస్టల్ దరఖాస్తు ఇయ్యాలె. రేపిస్తమంటే రూము దొరకదు."

నలభై పెన్నులు పరుగెత్తాయి.

సాల్మన్ రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఆడపిల్లను ఐదేండ్లు ఈడ ఇడిసిపెట్టుడంటే ఎట్ల మేడం? మా ఆఫీసుల కొలువు తయ్యారున్నది."

"ఏం కొలువు?"

"రిసెప్షన్. వచ్చినోళ్ళ పేర్లు రాసుకునుడు."

అనంతమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఇందాక నీ బిడ్డ గా గొట్టం మీదికెళ్ళి మొఖం తీసిందా? గసుంటి పిల్లను పేర్లు రాసుకుంట కూసోబెడతవా? ఇగ నీ ఇష్టం."



తిరుగు ప్రయాణంలో బస్సంతా ఒకటే గోల. ఎవరే కోర్సు, ఎవరికి ఎవరు రూమ్మేటు అని. బస్సు ఊళ్ళోకి వస్తుండగా సాల్మన్ రాజు కూతురి వైపు వంగాడు.

"ఫారాలు మార్చిల అన్నది గదా?"

సుసన్న అరిచిన అరుపుకు డ్రైవర్ వెనక్కి చూశాడు.

జులైలో ఆమెకు సీటొచ్చింది.

సాల్మన్ రాజు ట్రంకుపెట్టె భుజానెత్తుకున్నాడు. రెండో చేతిలో నేరేడు పళ్ళ బుట్ట.

"ముందుగాల ప్రొఫెసరమ్మకు దండం పెట్టాలె. గప్పుడే రూము," అన్నాడు.

హాస్టల్ వార్డెన్ ఆశ్చర్యపోయింది.

"అనంతమ్మా? ఆ పేరుతో ప్రొఫెసర్ ఎవరూ లేరే!"

పక్కనే బియ్యం చెరుగుతున్న వంటామె నర్సమ్మ చేట కింద పెట్టి లేచింది.

"ఇబ్రహీంపట్నం పిల్లలు మీరేనా? అనంతక్క మస్తు చెప్పింది మీ గురించి. ఎండాకాలంల పాణం బాగలేక కాలం జేసింది."

బుట్ట సాల్మన్ రాజు చేతిలోనే ఉండిపోయింది.

"మరి ఎంట్రెన్స్, సర్టిఫికెట్లు... గవన్ని ఆమెకెట్ల తెలుసు?" అంది సుసన్న.

"పిల్లలు తినుకుంట మాట్లాడుతుంటే ఇనేది బిడ్డా. ముప్పై ఏండ్లు ఈ మెస్సుల రొట్టెలు కాల్చింది. రిటైరైన దినం, గా బిల్డింగుల లోపట ఏముంటదో ఒక్కసారి సూసొస్తనని పోయింది. మీతోని సూసుడే ఆమెకు గూడ మొదటిసారి."