పదికి సున్నా

“ముందు ఆ సున్నా చెరుపు టీచరమ్మా.”

చెన్నకేశవులు చేతికర్రతో గోడ మీది చార్టును పొడిచాడు. ఒకటో తరగతి పిల్లలంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆయన మనవరాలు హంసిక ముందు వరసలో తల దించుకుని కూర్చుంది.

“చెరపడానికి లేదండీ. పిల్లలే లెక్కబెట్టి రాసుకున్నారు,” అంది షెర్లీ టీచరు.

అదేం పెద్ద లెక్క కాదు. ఒక్కొక్కరు ఇంటి నుంచి పది గింజలు తేవాలి. కాగితం గ్లాసులో మట్టి పోసి నాటాలి. పది రోజుల తర్వాత ఎన్ని మొలిచాయో వేళ్ళ మీద లెక్కబెట్టి, చార్టులో తన పేరు పక్కన తనే రాయాలి. పెసలు తెచ్చినవాళ్ళకు పదికి పది. కందులు తెచ్చినవాళ్ళకు ఎనిమిదో తొమ్మిదో. హంసిక తాత విత్తనాల కొట్లోంచి తెచ్చినవి ఎర్రరంగు పూసిన పత్తి గింజలు. అన్నిటికన్నా అవే బాగున్నాయని పిల్లలు ఎగబడ్డారు. ఆ రంగు పురుగుమందని చెప్పి టీచరు హంసిక చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగించింది. ఆ గ్లాసులో మాత్రం ఒక్క మొలకా రాలేదు.

“సున్నా అంటే తప్పు కాదు తాతా, ఏమీ లేదని,” అన్నాడు వెనక నుంచి చైతన్య.

“నువ్వు నోర్ముయ్యరా!” చెన్నకేశవులు టీచరు వైపు తిరిగాడు. “అందరికీ పది, నా మనవరాలికి సున్నానా? రేపు బడి మీటింగుకు ఊరంతా వచ్చి ఇది చూడాల్నా?”

“చూస్తే ఏమైందండీ? మొలవకపోతే పిల్ల తప్పా?”

“పిల్ల తప్పని ఎవడన్నాడు? నీళ్ళు పొయ్యనోళ్ళ తప్పు. బడి లేనప్పుడు, రెండో శనివారం, ఆదివారం ఎవరు పోశారు?”

టీచరు నోరు తెరిచేలోపు ఆయన ఫోను మోగింది.

“ఆఁ, ఉన్నయ్యి. ముప్ఫై ప్యాకెట్లే మిగిలినయ్యి. సాయంత్రంలోపు వచ్చి తీసుకుపో. రేపటికుండవు.” ఫోను జేబులో వేసుకున్నాడు. “చెప్పు. ఎవరు పోశారు?”

“మాబున్నీసా.”

బడిలో మధ్యాహ్నం అన్నం వండేది మాబున్నీసా. పిలవగానే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏమే, నా మనవరాలి గ్లాసుకు నీళ్ళెందుకు పొయ్యలా?”

“పోశా బాబాయ్. అన్నిటికీ ఒకటే చెంబుతో పోశా.”

“పోస్తే అయ్యన్నీ మొలిచి ఇదొక్కటే ఎండిందా?”

“ఎండలా. మట్టి చూడు, తడిగానే ఉంది.”

“నోరు చానా లేస్తందే! మేమంటే కడుపుమంట నీకు.”

“అల్లా తోడు బాబాయ్, నాకెందుకు మంట? మొన్న మా రెండెకరాలకూ నీ కొట్లోనేగా గింజలు తెచ్చుకుంది. నీ కొట్టు కాదని ఏనాడన్నా మాచర్ల పోయామా?”

“కొట్టు సంగతి ఇక్కడెందుకు?” కర్ర నేలకేసి కొట్టాడు. పిల్లలు ఉలిక్కిపడ్డారు.

బడి కమిటీకి చైర్మన్ ఆయన కోడలు. సంతకం కోడలిది, మాట మామగారిది. వంటమనిషి ఉండాలన్నా పోవాలన్నా ఆ మాటే. మాబున్నీసా భర్త అన్సార్‌కు రాళ్ళ క్వారీలో కాలు విరిగింది. అప్పటి నుంచి ఇంటికి నెలనెలా వచ్చేది ఈ వంట జీతమొక్కటే. ఆ కాలితోనే అన్సార్ ఈ ఏడు రెండెకరాలు కౌలుకు పట్టాడు. మొన్న పడ్డ వానకు పత్తి విత్తి, రోజూ పొద్దున్నే పోయి గట్టు మీద కూర్చుంటున్నాడు, మొలక కనిపిస్తుందేమోనని.

“ఒకటే మాట,” అన్నాడు చెన్నకేశవులు. “నీళ్ళు పొయ్యడం మరిచానని కాగితం రాసియ్యి. లేదంటే సోమవారం నుంచి పొయ్యి కాడికి రాబాక.”

“చెయ్యని తప్పు ఆమె ఎందుకు ఒప్పుకోవాలండీ?” అంది టీచరు.

“నీకెందుకమ్మా మధ్యలో? రెంటచింతల నుంచి హాయిగా బస్సులో వచ్చి పోతున్నావు. అడివిలోకి బదిలీ చేయిస్తే అప్పుడు ఏ బస్సెక్కుతావో చూస్తా.”

షెర్లీ టీచరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. మాబున్నీసా ఆమె చెయ్యి పట్టుకుంది.

“వద్దమ్మా. నా కోసం బదిలీ తెచ్చుకోబాక. నేనే మరిచాననుకో.”

కాగితం ఆయనే రాశాడు. ‘నేను నీళ్ళు పోయడం మరిచాను. గింజలు మంచివే.’ కింద వేలు పెట్టి చూపించాడు. మాబున్నీసా అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. చివరి అక్షరం మీద కంటినీళ్ళు పడి సిరా కొంచెం పాకింది. ఆయన దాన్ని ఊది ఆరబెట్టాడు. రెండుసార్లు చదువుకున్నాడు. టీచరు బల్ల మీది గమ్ము తీసి, చార్టులో సున్నా పక్కనే, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు కూడా కనపడేట్టు అతికించాడు.

అప్పటికిగాని ఆయన మొహం తేటపడలేదు. మనవరాలి తల నిమిరాడు.

“ఏడవబాక బంగారం. తప్పు నీది కాదని తేలిపోయిందిగా.”

హంసిక ఏడుపు ఆపలేదు. దాని కళ్ళు గుమ్మంలో కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డ మాబున్నీసా మీదే ఉన్నాయి. రోజూ దానికి గుడ్డు వలిచి పెట్టేది ఆమే.

షెర్లీ టీచరు హంసిక పక్కన నేల మీద కూర్చుంది.

“సోమవారం ఇంకో పది గింజలు తేమ్మా. మళ్ళీ నాటుదాం. ఈసారి నీళ్ళు నువ్వే పొయ్యి.”

హంసిక కళ్ళు తుడుచుకుంది. లేచి వచ్చి తాత పంచె పట్టుకుని గుంజింది.

“ఈసారి మన చేలో ఏసినయ్యి ఇయ్యి తాతా, కొట్లోయి మొలవవన్నావుగా!”